ఔనా సార్?

పత్రికలో ఉన్నన్నాళ్లు నా పని అడగడం. చెప్పడం నిరుడు జూన్‌లో మొదలుపెట్టాను.

మా సిటీ ఎడిషన్ మే నెలలో ఆగిపోయింది. అబిడ్స్‌లో జీపీఓ దగ్గరి సందులో మా ఆఫీసు ఉండేది. ఒక ఉదయం వెళ్లి కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. నా వెనక వచ్చిన సబ్ఎడిటర్ కార్డుకూ తెరుచుకోలేదు. సెక్యూరిటీ అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతను మా కోసం లేచి నిలబడటం అదే మొదటిసారి. దాంతో విషయం అర్థమైంది.

రిపోర్టరు కాకముందు బి.ఎడ్. చేశాను. ఆ సర్టిఫికెట్ పట్టుకుని నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక హైస్కూలుకు వెళ్లాను. అక్కడ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు టీచరు మానేశారని తెలిసింది. హెడ్మిస్ట్రెస్ వసుమతి మేడం సర్టిఫికెట్ చూసి పక్కన పెట్టారు.

"ఇంగ్లీషు వస్తదా సార్?"

"ఇరవై ఏళ్లు ఏజెన్సీ వార్తలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసిన మేడం."

"చేతితోని రాసిన్రు. నోటితోని వస్తదా?"

నేను జవాబు చెప్పేలోపు ఆమె అటెండరు ఇజ్రాయేల్‌ను పిలిచి నాకు తొమ్మిది బి చూపించమన్నారు.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. నేను ఇంగ్లీషు చదివాను, తర్జుమా చేశాను. ఇంగ్లీషులో మాట్లాడే అవసరం రాలేదు. క్లాసులో నోరు తెరిస్తే ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య ఖాళీ వచ్చేది. నలభై మంది పిల్లల ముందు అంత ఖాళీ ఇవ్వకూడదని నాకు అప్పుడు తెలియదు.

తొమ్మిది బి మూడో అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే స్టేషన్ మైకు వినిపిస్తుంది. నాలుగో రోజు నేను గడప దాటుతుండగా వెనక బెంచీల నుంచి ఒక గొంతు వచ్చింది. ముక్కుతో పలికే గొంతు, అచ్చం మైకు లాగే.

"దయచేసి వినండి. అబిడ్స్ నుండి నాంపల్లి వచ్చు జ్ఞానశేఖర్ ప్యాసింజర్ ప్రతి వాక్యమునకు ఆగుచూ, ఆలస్యముగా నడుచుచున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

క్లాసు బల్లలు చరిచింది. ఆ గొంతు నవతది. చివరి నుంచి రెండో బెంచీ, కిటికీ పక్క. నేను ఆమె వైపు చూసేసరికి పుస్తకంలోకి చూస్తూ ఉంది. పుస్తకం తలకిందులుగా ఉంది.

మరుసటి వారం 'ఔనా' మొదలైంది.

ఒక పాఠంలో రైతు గురించి చెబుతున్నాను. "హీ లివ్డ్ ఇన్ ఎ స్మాల్ విలేజ్" అన్నాను. తర్వాతి వాక్యం కోసం ఆగాను.

"ఔనా?" అంది నవత.

నీళ్ల ట్యాంకర్ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మూడో ఆమె సంగతి చెప్పుకునేటప్పుడు అనే 'ఔనా' అది. 'నా' దగ్గర గొంతు పైకి లేస్తుంది. క్లాసు నవ్వింది. "హీ హ్యాడ్ టూ సన్స్" అన్నాను. ఈసారి నలుగురు అన్నారు. శుక్రవారానికి అందరూ అన్నారు. నేను ఏం చెప్పినా, ముందు బెంచీ నుంచి చివరి బెంచీ దాకా ఒకే గొంతుతో, "ఔనా?"

బెంచీలు మార్చాను. నవత ముందు బెంచీలోకి వచ్చింది. అక్కడి నుంచి ఇంకా స్పష్టంగా వినిపించింది. పేర్లు బోర్డు మీద రాస్తానన్నాను. అందరూ అంటున్నప్పుడు బోర్డు మీద రాయడానికి హాజరుపట్టీ తప్ప ఏమీ లేదు. ఒక రోజు నవతను బయట నిలబెట్టాను. పాఠం మొదలుపెట్టి ఒక వాక్యం చెప్పాను. కిటికీ ఊచల మధ్య నుంచి, వరండాలోంచి, "ఔనా?" అని వచ్చింది. ఆ నవ్వు ఆగేసరికి గంట కొట్టారు.

అరిచాను కూడా. జూలై చివరికి నా గొంతు పోయింది.

పక్క క్లాసు లెక్కల రామచందర్ సార్‌ది. ఆయన క్లాసులో ఫ్యాను తిరిగే చప్పుడు మా గదికి వినిపించేది. స్టాఫ్ రూమ్‌లో నా పక్కన టిఫిన్ డబ్బా తెరుస్తూ ఆయన అన్నాడు:

"సార్, ఏమనుకోకున్రి. మీరు గాడ ఒకటి చెప్తే మావోళ్లు గీడ 'ఔనా' అంటున్రు. నిన్న నేను పైథాగరస్ చెప్తుంటే కూడా అన్నరు."

"సారీ సార్."

"సారీ ఎందుకు? ఆ నవతను ఇంకో సెక్షన్‌కు పంపియ్యమని మేడంకు రాసియ్యున్రి. తల తీస్తే తోక ఊరుకుంటది."

అదే రోజు వసుమతి మేడం పిలిచారు. కూర్చోమన్నారు. ఆమె మాటల్లో కోపం లేదు.

"ఆ సప్పుడు కిందికి వినిపిస్తున్నది సార్. పేరెంట్స్ వచ్చి కూసున్నప్పుడు వినిపిస్తున్నది. దసరా సెలవుల లోపల ఒకరోజు నేనొచ్చి వెనక కూసుంట. క్లాసు నడుస్తుంటే మీరుంటరు. నడవకపోతే హిమాయత్‌నగర్ నుంచి ఒకామె అప్లికేషన్ పెట్టుకున్నది. ఆమెకు పదేండ్ల ఎక్స్‌పీరియన్స్."

"సరే మేడం."

"మనిషి మంచోడని ఉంచుకుందమంటే పిల్లల చదువు పోతది. సమజైంది గదా?"

అయింది.

లక్డీకాపూల్ వెనక మా కిరాయి ఇల్లు. నా భార్య ఆగ్నెస్ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. మా అమ్మాయి స్టెఫీ ఇంటర్ చదువుతోంది. మే నెల నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు తగ్గాయి. ఆగ్నెస్ అడిగేది కాదు, నేను చెప్పేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం అన్నం ముందు ప్రార్థన స్టెఫీ చేసింది. ఆఖరున ఒక మాట కలిపింది. "డాడీ క్లాసు పిల్లలకు నోర్లు మూయించు తండ్రీ, ఆమెన్."

ఆగ్నెస్ కళ్లు తెరిచి నన్ను చూసింది. "ఏంది సంగతి? నాకు చెప్పకుండ దేవునికి చెప్పిచ్చే దాక వచ్చిందా?"

"నేను చెప్పమనలే. స్టెఫీ నా గొంతు విని కనిపెట్టింది."

మొత్తం చెప్పాను. మేడం మాటతో సహా. ఆగ్నెస్ పప్పు వడ్డిస్తూ విన్నది. మైకు సంగతి దగ్గర నవ్వింది. మూతి తుడుచుకుని మళ్లీ విన్నది.

"ఒకటి అడుగుత. వాళ్లు ఔనా అని ఎప్పుడంటరు? నువ్వు చెప్పేటప్పుడా, చెప్పినంకనా?"

"చెప్పినంక."

"ప్రతిసారా?"

"ప్రతిసారి. వాక్యం అయిపోంగనే."

"అయితే వింటున్రు గదా."

నేను అన్నం కలపడం ఆపాను.

"మా వార్డుల పేషంటు నిద్రపోయిండనుకో, ఔనా అంటడా? నువ్వు ఫుల్‌స్టాప్ పెట్టే దాక ఆగుతున్రంటే వాళ్లు నీ మాటే పట్టుకొని కూసున్నరు. మా మెడికల్ సూపరింటెండెంట్ మీటింగుల మేము ఒక్కల్లం గూడ గట్ల వినం."

స్టెఫీ కంచంలోంచి తలెత్తకుండా, "మా లెక్చరర్‌కు కూడా ఎవ్వలు ఔనా అనరు డాడీ. అందరం ఫోన్ చూసుకుంటం" అంది.

నేను పడుకునే ముందు పాత గ్రామరు పుస్తకం తీశాను. 'ఔనా' అనే మాటకు ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు. ఆ తెలిసింది నోటికి ఎప్పుడూ పని చెప్పలేదు.

పొద్దున క్లాసుకు వెళ్లి పుస్తకం తెరవలేదు.

"ఇవ్వాళ్టి నుంచి మీరు ఔనా అనొచ్చు" అన్నాను.

చప్పుడు ఆగింది. తొమ్మిది బిలో చప్పుడు ఆగడం నేను అప్పుడే విన్నాను. ముందు బెంచీ హర్ష లేచి నిలబడ్డాడు. "నిజంగనా సార్?"

"నిజంగనే. నేను ఒక్కొక్క మాట చెప్తుంటే, ప్రతి మాటకూ అనొచ్చు. ఎంత గట్టిగైనా. కానీ ఇంగ్లీషుల అనాలె."

హర్ష కూర్చున్నాడు. నవత పక్క పిల్ల చెవిలో ఏదో చెప్పింది. నేను "ది ట్రైన్ హాజ్ కమ్" అన్నాను.

"ఈజ్ ఇట్?" అన్నారు నలభై మంది. కిటికీ అద్దం అదిరింది.

హైదరాబాద్‌లో అందరం అలాగే అంటాం. బండి వచ్చిందన్నా ఈజ్ ఇట్, పెళ్లి అయిందన్నా ఈజ్ ఇట్, పోయాడన్నా ఈజ్ ఇట్. నేనూ ప్రెస్‌మీట్లలో అదే అన్నాను. 'ఔనా'కు ఒకే రూపం ఉంది కనుక 'ఈజ్ ఇట్'కూ ఒకటే చాలనుకున్నాం.

"తప్పు" అన్నాను. "నేను హాజ్ అన్న. మీరు హాజ్ తీస్కొని నాకే తిప్పి కొట్టాలె. హాజ్ ఇట్? నేను ఈజ్ అంటేనే ఈజ్. వాజ్ అంటే వాజ్. ఏది అన్ననో వింటేనే మీకు దొరుకుతది."

"దొరకకపోతే?" అంది నవత.

"దొరకనోళ్లు ముందుకొచ్చి ఒక మాట చెప్పాలె. అప్పుడు వాళ్ల మాటకు అందరం అందాం. నేను కూడ."

మొదట దొరికిపోయింది నవతే. "మై వైఫ్ వర్క్స్ ఇన్ ఎ హాస్పిటల్" అన్నాను. అందరికంటే ముందు "ఈజ్ షీ?" అని అరిచింది. 'వర్క్స్' లోపల 'డజ్' దాగి ఉంటుందని బోర్డు మీద రాసి చూపించాను. ఆమె ముందుకొచ్చి చున్నీ కొస మెలిపెడుతూ నిలబడింది. మైకు గొంతు రాలేదు. కాసేపటికి, "మై బ్రదర్ ఈట్స్ మై టిఫిన్" అంది.

"డజ్ హీ?" అని క్లాసు అరిచింది. నేనూ అరిచాను. పక్క గదిలో రామచందర్ సార్ తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

ఆగస్టు అంతా అలాగే నడిచింది. గోల తగ్గలేదు. గోలలో క్రియాపదాలు చేరాయి. డిడ్‌లు వచ్చాయి. వాళ్లు నన్ను పట్టుకోవడానికి విన్నారు, నేను వాళ్లను పట్టుకోవడానికి పొడుగు వాక్యాలు వెతికాను. ఇంట్లో కూడా అదే ఆట పట్టుకుంది. ఆగ్నెస్ మాత్రం దేనికైనా ఈజ్ ఇట్ అనేది. స్టెఫీ ఆమెను పట్టుకుంటే, "నేను తొమ్మిది బి కాదు, నాకు మాఫీ" అనేది. భోజనాల దగ్గర మళ్లీ మాటలు మొదలయ్యాయి.

సెప్టెంబరులో ఒక రోజు వాన. స్టేషన్ మైకు కూడా వినిపించడం లేదు. 'కాదు', 'లేదు' అనే వాక్యాలు చెప్పాలి ఆ రోజు. నేను రాసుకొచ్చిన వాక్యాలు అయిపోయాయి. గంటకు ఇంకా సమయం ఉంది. నోటికి వచ్చింది చెప్పాను.

"ఐ వాజ్ ఎ రిపోర్టర్."

"వర్ యూ?"

"మై ఆఫీస్ వాజ్ ఇన్ అబిడ్స్."

"వాజ్ ఇట్?"

"ఇట్ క్లోజ్డ్ ఇన్ మే."

"డిడ్ ఇట్?" కొన్ని గొంతులే వచ్చాయి.

"దే డిడ్ నాట్ టెల్ అస్."

ఎవరూ అనలేదు. కష్టమైన వాక్యమని ఆగాను. తర్వాత నవత అంది. ఆటలో అన్నట్టు అనలేదు.

"డిడిన్ట్ దే?"

"నో," అన్నాను. "దే డిడిన్ట్."

మే నెల నుంచి చాలామంది నన్ను చాలా అడిగారు. ఎక్కడ చేరావు, ఇప్పుడేం చేస్తున్నావు, ముందే వేరేది చూసుకోవాల్సింది కదా అని. చెప్పలేదా అని అడిగింది తొమ్మిది బి. ఆ పీరియడ్‌లో ఇంకేం చెప్పానో గుర్తులేదు.

సెలవులకు రెండు రోజుల ముందు వసుమతి మేడం వచ్చారు. ఆమె వస్తున్నారని, చప్పుడు చేస్తే సార్ నౌకరి పోతుందని ఇజ్రాయేల్ ఉదయమే పిల్లలకు చెప్పాడు. నాకు మంచి చేద్దామనే చెప్పాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మేడం చివరి బెంచీలో కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను.

"దసరా ఈజ్ కమింగ్."

ఎవరూ నోరు తెరవలేదు.

"వుయ్ విల్ హావ్ హాలిడేస్."

చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇద్దరు ఆడపిల్లలు ఎల్‌కేజీ పిల్లల్లా పెదాల మీద వేలు పెట్టుకున్నారు. నవత నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అడగకు సార్ అన్నట్టు. అప్పటికి అర్థమైంది. వాళ్లు నా కోసం ఊరుకున్నారు.

మేడం కోరింది ఇదే. పుస్తకం తెరిచి చదివితే చాలు, నేను ఉండిపోతాను. తెరిచి ఒక పేరా చదివాను. ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ గదిలో ఫ్యానుకు చప్పుడు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మేడం లేచి ముందుకు వచ్చారు. పిల్లలను చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడారు.

"ఐ హావ్ టాట్ ఇన్ దిస్ రూమ్ ఫర్ థర్టీ ఇయర్స్."

హర్ష పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. మేడం నవత వైపు తిరిగారు.

"ఐ టాట్ యువర్ మదర్ హియర్."

"డిడ్ యూ?"

అన్నాక నవత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొత్తం క్లాసు ఆమె వైపు తిరిగింది. హర్ష నెత్తి పట్టుకున్నాడు.

మేడం కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఐ డిడ్. షీ శాట్ నియర్ దట్ విండో."

నవత నన్ను చూసింది. నేను తలూపాను.

"డిడ్ షీ?"

"షీ టాక్డ్ ఆల్ ది టైమ్."

"డిడ్ షీ?" ఈసారి సగం క్లాసు అంది.

"ఎస్. హర్ ఇంగ్లీష్ వాజ్ ది బెస్ట్ ఇన్ ది క్లాస్."

క్లాసు అనబోయి ఆగింది. ఆ మాట నవతకు వదిలేశారు. నవత తల్లి గౌలిగూడలో ఒక టైలర్ దుకాణంలో జాకెట్లు కుడుతుంది. ఆమె నోట ఇంగ్లీషు ముక్క ఇంట్లో ఎవరూ వినలేదని నవత నాకు ఆ తర్వాత చెప్పింది.

"వాజ్ ఇట్?"

"ఇట్ వాజ్. బట్ షీ కుడ్ నాట్ రైట్ హర్ టెన్త్."

"కుడిన్ట్ షీ?"

కుడ్ నేను ఇంకా చెప్పలేదు. అది జనవరి పాఠం. నవత దాన్ని మేడం వాక్యంలోంచి తీసుకుంది.

"నో," అన్నారు మేడం. "షీ కుడిన్ట్."

"వై, మేడం?"

మేడం తెలుగులోకి వచ్చారు. "అది నేను చెప్పేది కాదు బిడ్డా. ఇంటికి పోయి మీ అమ్మను అడుగు."

వరండాలో ఆమె వెనక నడిచాను. మెట్ల దగ్గర ఆగారు.

"నేను అనుకున్నంత సప్పుడు లేదు సార్."

"ఇవ్వాళ నా కోసం ఊకున్నరు మేడం. రోజూ ఉంటది. ఇంకా ఎక్కువ ఉంటది."

"రామచందర్ సార్ మల్ల కంప్లైంట్ చేస్తడు."

"చేస్తరు."

"తలుపు ఏస్కొని చెప్పున్రి. సెలవులైనంక ఎనిమిది ఏ కూడ మీకే."

"హిమాయత్‌నగర్ మేడం..."

"ఆమెకు నేను ఫోన్ చేసి చెప్త. మీకెందుకు ఫికర్?" అని మెట్లు దిగారు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. ఆగ్నెస్ కళ్లు మూసుకుని "స్తోత్రం" అంది. కళ్లు తెరిచి, "ఇంకో క్లాసంటే ఇంకో నలభై నోర్లు. నీ గొంతుకు పొద్దుమాపు మిరియాల పాలు" అంది. అయినా ఆ స్తోత్రం ఆమెకే చెందాలి. ఫుల్‌స్టాప్ గురించి ఆమె అడగకపోతే నేను ఇప్పుడు ఈ స్కూల్లో ఉండేవాణ్ణి కాదు. ఆమెకు చెప్పాను. "ఈజ్ ఇట్?" అంది. స్టెఫీ పట్టుకోలేదు.

మరుసటి రోజు మొదటి గంటకు ముందు నవత స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. రామచందర్ సార్ పేపర్లు దిద్దుతున్నాడు.

"సార్, ఐ ఆస్క్‌డ్ మై మదర్."

"డిడ్ యూ?" అన్నాను. అనుకుని అన్నది కాదు.

"ఎస్ సార్. ఫస్ట్ షీ డిడ్ నాట్ టెల్."

"డిడిన్ట్ షీ?"

"నో సార్. దెన్ షీ ఆఫ్డ్ ది మెషిన్. దెన్ షీ టోల్డ్."

ఆఫ్డ్ అని ఇంగ్లీషులో లేదు. నేను దిద్దలేదు. రామచందర్ సార్ పెన్ను కింద పెట్టాడు. పక్కనున్న కుర్చీని కాలితో గుమ్మం వైపు జరిపాడు.

గంట కొట్టారు. నవత వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. తర్వాతి వాక్యం కోసం వెతుక్కుంది. ఖాళీ వచ్చింది. నేను ఆగాను.